నీలి సుద్ద గీత

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఒక పశువుల దొడ్డి సందులోంచి తెల్లమొహం ఆవులు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. కంటి దగ్గర మచ్చ కనిపిస్తే క్లెమ్ దాని వెన్ను మీద నీలి సుద్దతో గీత గీస్తున్నాడు. గీత పడ్డ ఆవును అతని భార్య నోరీన్ పక్క గేటులోంచి పశువుల డాక్టరు వైపు తోలుతోంది. ఆమె చూపు మాత్రం మొగుడి చెవి మీదే ఉంది.

“దీన్నీ అటు తోలు. రెప్ప గరుకుగా ఉంది.”

“చిన్న పొక్కేగా?”

“ఎండకొచ్చిన పొక్కు. ఇప్పుడే తీయించేస్తే సరి, వదిలేస్తే కన్నే పోతుంది.”

“మరి నీ చెవి మీదది?”

“అదా? ఉత్త పొట్టు. రాలిపోతుంది.”

“రాలింది, మళ్లీ వచ్చింది. దిండు మీద నెత్తురు కూడా చూశాను.”

“గడ్డం గీసుకుంటుంటే తెగిందిలే.”

“చెవి మీద గడ్డం మొలిచిందా, మహానుభావా?”

“ఇంకా క్యాన్సర్ కాదని ఊళ్లో డాక్టరమ్మే అందిగా!”

“కాకముందే రమ్మంది. వెళ్లావా?”

“ఈ ఆవుల పని కానీ, చూద్దాం.”

“ఏదీ, ఆ సుద్ద ఇటివ్వు.”

ఇచ్చాడు. ఆమె అతని చొక్కా వెన్ను మీద బారుగా ఒక గీత గీసి, పక్క గేటు బార్లా తెరిచింది.

“నడు. కారు కూడా అటే ఉంది.”