ఆదివారం క్యారియర్

“రెండు క్యారియర్లు రా ఉలిగా. ఒకటి నీకి, ఒకటి నాకి. ఎవరి తల్లి తెస్తాది అట్ల?”

“తెచ్చేది లే. ఇప్పుడెందుకవన్నీ.”

“ఎందుకంటావేమి. మీ అమ్మ దినాలు ఈపొద్దు. ఈపొద్దు తల్సుకోకపోతే ఇంగెప్పుడు తల్సుకుంటా?”

రొద్దం పక్కన ఒక పల్లె. రామాంజినమ్మ దినాలకు వచ్చినవాళ్ళు తిని, చేతులు కడుక్కుని, ఎక్కడివాళ్ళక్కడ బయల్దేరుతున్నారు. షామియానా వెనక ఇద్దరు కూర్చున్నారు: ఆమె కొడుకు ఉలిగప్ప, హిందూపురం నుంచి వచ్చిన వేణు. పెనుకొండ హాస్టల్లో ఆరు నుంచి పది దాకా ఒకే చాప మీద పడుకుని పెరిగినవాళ్ళు.

“నీకి గుర్తుందా, ఆదివారం పొద్దున్నే అందరూ పోయి గేటు కాడ నిలబడేటోళ్ళు. వాచ్‌మన్ ఒక్కో పేరే పిలుస్తాంటే...”

“నువ్వు రావు. నువ్వు కొళాయి కాడ గుడ్డలు ఉతుకుతా ఉండేటోనివి.”

“నాకెవరొస్తారని నిలబడాల? మా నాయన గొర్రెల ఎనక అడివిలో. మా అవ్వ ముసిల్ది, పరిగి దాటి ఎప్పుడూ రాలా. ఒక ఆదివారం మీ అమ్మ లోపలికే వచ్చేసి, ‘వేణు అంటే ఎవరప్పా’ అనింది. సబ్బు చేతుల్తోనే పోయినా. క్యారియర్ చేతిలో పెట్టింది. పై గిన్నెలో చిత్రాన్నం, మీద ఏంచిన శెనగ్గింజలు. అడుగు గిన్నెలో రెండు ఓళిగలు. నీ క్యారియర్లో ఏముండెనో నువ్వు చెప్పు.”

“సంగటి. ఊరుబిండి పచ్చడి. వంకాయ కూర.”

“ఏడ్చినావు నువ్వు ఆ పొద్దు.”

“ఏడవక? కన్నకొడుకుని నేను. నాకి సంగటి, ఎవరి కొడుక్కో ఓళిగలు. నేను నీ కడుపున పుట్టలేదామా అని అడిగినా. నవ్వి, సంగటి ముద్ద చేతిలో పెట్టె.”

“నేను ఒకటి నీకిచ్చినా కదరా.”

“సగం ఇచ్చినావు. ఆ సగంలో కూడా పూర్ణమంతా నాకేసి, పైది ఇచ్చినావు.”

“అబద్ధం.”

“దేవుడున్నాడు పైన.”

“సరే, నాకేసినా. ఆకలి అట్లుండె. హాస్టల్ సాంబార్లో మన మొగాలు మనకే కనపడ్తాండె. వారమంతా ఆ క్యారియర్ కోసమే బతికేటోణ్ణి రా. మూత కదలకుండా దారంతో కట్టి పంపేది, గుర్తుందా? ఒక వారం చిలకపచ్చ, ఒక వారం ఎరుపు, ఒక వారం నెమలికంఠం రంగు. పట్టు దారాలు. పారేసేకి మనసొప్పక పెట్టెలో దాచుకున్నా. మీ ఊర్లో యాడ దొరికేవి అవి?”

“ఏమో. అంగట్లో తెచ్చిందేమో.”

“ఈ ఊరి అంగట్లో పట్టు దారమా?”

“నాకేం తెలుసప్పా. నా క్యారియర్‌కి చీర పేలిక కట్టేది.”

“ఆమెకి జరం వచ్చిన వారం చూడు. నీ క్యారియర్ రాలా. నాది వచ్చింది. హాస్టల్ ముందర టీ అంగడాయన తెచ్చి ఇచ్చె. జరంలో లేసి వొండి, నీకి పంపకుండా నాకి పంపింది మహాతల్లి.”

“వేణూ, ఇంగ చాలు లే.”

“ఇంగొకటి చెప్తా, మా ఇంట్లో తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలా. నేను వంకాయ తినను కదా.”

“తెలుసు. నీ ప్లేట్లో వంకాయంతా నా ప్లేట్లోకే వచ్చేది. నీకి ఇష్టం లేదనుకున్నా.”

“ఇష్టం కాదు. తింటే వొళ్ళంతా దద్దుర్లు. ఐదేండ్లప్పుడు ఒకసారి మొగం గుమ్మడికాయ మాదిరి ఉబ్బింది. మా అమ్మ చంకనేసుకోని పరిగి ఆస్పత్రి దాకా పరిగెత్తింది. ఆమె గురించి నాకి గుర్తుండేది అదొక్కటే. మొగం గుర్తు లేదు. ఆ పరుగు గుర్తుండాది.”

“మీ నాయనకి తెలుసా ఇది?”

“ఆయప్ప అప్పుడు మందతో అడివిలో ఉండె. అవ్వకి చెప్తే ‘అన్నీ మీ అమ్మ నేర్పిన ఏషాలు’ అనేది. ఆమె పెడితే గొడ్లకి ఏసేటోణ్ణి. అది కాదు చెప్పేది. మీది వంకాయ తోట. మీ పొయ్యి మీద వంకాయ లేని పొద్దుండదు. అయినా ఐదేండ్లలో నా క్యారియర్లో ఒక్క ముక్క రాలా. ఎట్ల కనుక్కునిందిరా మీ అమ్మ? నువ్వు చెప్పినావా?”

“నేనా? నేను... చెప్పలేదు.”

“చూసినావా. అడక్కుండా తెలుసుకునేదాన్నే తల్లి అంటారు. నన్ను కన్నామె ఇడిసిపెట్టి పాయె. నాకి అమ్మంటే రామాంజినమ్మే.”

“అట్ల అనద్దు రా.”

“ఎందుకు అనకూడదు?”

“అనద్దంటే అనద్దు. నీ పెండ్లప్పుడు మా అమ్మ ఒక మాట అడిగింది, గుర్తుందా?”

“మీ అమ్మను పిలుద్దామా అని. గుర్తు లేకేం. ఆమె పందిట్లో అడుగు పెడితే తాళి కట్టనన్నా.”

“ఆ మాట ఇన్నప్పట్నుంచి మా అమ్మ మళ్ళా ఎత్తలా.”

“ఎందుకెత్తుతాది. నాకి యాడ నొప్పో ఆమెకి తెలుసు.”

“వేణూ.”

“చెప్పు.”

“పొయ్యేముందర అమ్మ నా చేత ఒట్టు ఏయించుకునింది.”

“ఏమని?”

“ఏం లేదులే. నువ్వొక పని చేసిపెట్టు. రేపు నేను ఎర్రమంచి ఫ్యాక్టరీకి డ్యూటీకి పోవాల, ఈడ పని అంతా అట్లే ఉండాది. ఆ చివర ఒకామె కూచ్చోనుండాది చూడు, బూడిద రంగు చీర. ఆమెను పెనుకొండ బస్టాండ్లో దింపు. ధర్మవరం బస్సెక్కించు.”

“ఎవరామె?”

“అమ్మకి తెలిసినామె. ధర్మవరంలో మగ్గాల కాడ పట్టు కండెలు చుడ్తాది.”

“ఆటోలు లేవా?”

“ఉండాయి. నువ్వే దింపు. మెల్లగా పో. ఆమె బస్సెక్కేదాకా ఆడే ఉండు.”

“ఏమిరా, కండ్లెందుకు అట్ల పెడ్తాండావు?”

“తల్లి పోయినోని కండ్లు ఎట్లుంటాయి? పో ఇంగ. ఎండ తగ్గినాది.”

*

రొద్దం నుంచి పెనుకొండ దారి. వేణు బండి మీద వెనక ఆమె.

“గట్టిగా పట్టుకో పెద్దమ్మా. భుజం పట్టుకో, ఏం కాదు.”

“ఆ... పట్టుకుంటా నాయనా.”

“రామాంజినమ్మ నీకెట్ల తెలుసు?”

“ఆదివారం ఆదివారం పెనుకొండ బస్టాండ్లో కలిసేటోళ్ళం.”

“ఆదివారమా? అయితే మా హాస్టల్‌కి క్యారియర్లు తెచ్చేటప్పుడే. చూసింటావు నువ్వు.”

“చూసినా.”

“ఒకటి నాదే.”

“అవునా. బాగ తింటాంటివా?”

“గిన్నె కడిగే పని లేకుండా తినేటోణ్ణి.”

“ఓళిగల్లో ఒగొగసారి బెల్లం ఎక్కువయ్యేది.”

“నీకెట్ల తెలుసు?”

“రామాంజినమ్మ చెప్పేది. నీకి పిల్లోళ్ళు ఎంతమంది నాయనా?”

“ఒక పాప. వెన్నెల. మూడో తరగతి.”

“వెన్నెల. పేరు బాగుండాది. ఎవరి పోలిక?”

“అదే తెలీదు. నా మాదిరి లేదు, మా ఇంటామె మాదిరి లేదు. గడ్డం కాడ చిన్న సొట్ట ఉండాది, మా ఇంట్లో ఎవరికీ లేదు అది. ఏమి పెద్దమ్మా, పైట మొగానికి అడ్డం పెట్టుకున్నావు?”

“గాలి కొడ్తాంది నాయనా. నువ్వు ముందర చూసి తోలు. మెడ ఎందుకు గీరుకుంటాండావు?”

“చెమటకేమో.”

“రొవ్వంత ఆపు. ఇదే కదా మీ హాస్టలు.”

“ఇదే. గోడ ఎత్తుగా కట్టినారు ఇప్పుడు.”

“అప్పుడు కంప కంచె. ఈ టీ అంగడి బెంచీ మీద కూచ్చుంటే లోపల పిల్లోళ్ళు ఆడుకునేది బాగ కనపడేది.”

“నువ్వు చూసినావా?”

“బస్సు లేటైతే వచ్చి కూచ్చునేదాన్ని.”

“బస్టాండు చానా దూరం కదా ఈడికి.”

“నడిస్తే ఎంత నాయనా.”

“నీకి పిల్లోళ్ళు లేరా పెద్దమ్మా?”

“ఒక కొడుకు. బాగ చదువుకున్నాడు. మంచి ఉద్యోగం.”

“చూసుకుంటాడా నిన్ను?”

“నేనే వాన్ని చూసుకోలేకపోతి.”

“అట్లనుకోవద్దు. కన్నతల్లి చూసుకోకుండా ఉంటాదా? అందరూ మా అమ్మ మాదిరి ఉంటారా?”

“మీ అమ్మ ఏమాయె?”

“ఇంగొకని ఎనక పోయింది. అవ్వ చెప్పింది.”

“అవ్వ అట్ల చెప్పిందా.”

“పోతే పోయింది. ఒక్కసారన్నా నన్ను చూసేకి వచ్చిందా? ఆదివారం అందరి అమ్మలూ వస్తాంటే, నేను కొళాయి కాడ ఉతికిన గుడ్డలే మళ్ళా ఉతుకుతాంటి. ఖాళీ చేతుల్తో కనపడితే నాకెవరూ రాలేదని అందరికీ తెలుస్తాదని.”

“ఉతికిందే ఉతుకుతాంటే... ఈ పిల్లోనికి ఇన్ని గుడ్డలు యాడివి అనుకునేదాన్ని.”

“ఏమన్న్యావు?”

“ఏం లేదు. మా దిక్కు ఒకామె ఉండె నాయనా. మొగుడు తాగొచ్చి కొడితే చెయ్యి ఇరిగింది. పుట్టినింటికి పాయె. పిల్లోన్ని ఇమ్మంటే ఇయ్యలా. పిల్లోడు హాస్టల్లో చేరినాడని తెలిసి, చూసేకి పోతానంటే మొగుడు పంచాయితీ పెట్టినాడు. ఈమె ఒక్కసారి వాని ముందర నిలబడినా, ఒక్క మాట మాట్లాడినా, బడి మాన్పించి గొర్రెల ఎనక తోల్తా అన్న్యాడు. పిల్లోడు చదువులో ముందుండె. ఆమె సరే అనేసి వచ్చేసింది.”

“పిచ్చిది.”

“ఎందుకు నాయనా?”

“ఆ పిల్లోన్ని అడగాల్సింది కదా. గొర్రెలు కాసుకోని బతికేటోడు వాడు. గొర్రెలు కాస్తే సస్తారా? అమ్మ ఉండేది కదా వానికి.”

“ఆమెకి ఆ తెలివి లేకపాయె నాయనా. పోదాం పా. బస్సు టైమైంది.”

*

“ధర్మవరం, ధర్మవరం. ఎక్కండమ్మా, ఎక్కండి.”

“వచ్చింది నీ బస్సు. ముందర సీటు ఖాళీ ఉండాది, బిరీన ఎక్కి కూచ్చో.”

“ఎక్కుతా లే. నువ్వు పో నాయనా ఇంగ. హిందూపురం దాకా పోవాల కదా. పాప ఎదురు చూస్తాంటాది.”

“నువ్వు కూచ్చున్నాక పోతా. ఉలిగడు ఆడే ఉండమన్న్యాడు.”

“అట్లన్న్యాడా? మంచి పిల్లోడు. తల్లి మాదిరే.”

“కూచ్చున్నావు కదా. పోయొస్తా పెద్దమ్మా.”

“నాయనా, ఒక మాట. ఇట్ల కిటికీ కాడికి రా. దారంతా గీరుకుంటానే ఉంటివి. మెడ ఎట్ల ఎర్రగా అయ్యిందో చూడు. కూర వడ్డిస్తే వద్దన్న్యావు, చూసినా. సాంబార్లో కూడా ఏసినారు వంకాయ ముక్కలు. చూసుకోలేదా నువ్వు?”

“సాంబారా... చూసుకోలా.”

“ఆ ముందర మందులంగడి ఉండాది. మాత్ర ఏసుకోని పో. మొగం ఉబ్బకముందే ఏసుకో.”

“మొగం ఉబ్బుతాదని నీకెవరు చెప్పినారు?”

“రామాంజినమ్మ...”

“ఆమెకి నేను చెప్పలేదు. మా ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఉలిగనికి ఈపొద్దే చెప్పినా.”

“బస్సు కదుల్తాది నాయనా. కిటికీ ఇడువు.”

“ఆ క్యారియర్లు ఎవరు వొండేటోళ్ళు?”

“చెయ్యి ఇడువు. కమ్మీ గీసుకుంటాది.”

“నాది ఎవరు వొండేటోళ్ళు? చెప్పు.”

“...బెల్లం ఎప్పుడూ ఎక్కువే పడేది నాయనా నా చేతిలో.”

“దిగు.”

“వద్దు. నీకిష్టం లేదంటివి. పెండ్లప్పుడే తెలిసె నాకి. నేను పోతా.”

“సంచి ఇట్లియ్యి. దిగు.”

“ఏమప్పా, ఎక్కినామెను మళ్ళా దించుతాండావు. బస్సంతా కాసుకోనుండాది నీ కోసం. ఎవరామె నీకి?”

“మా అమ్మ.”