శనివారం వాన

ఖాజాగూడ వాతావరణ శిక్షణ కేంద్రం, శనివారం మధ్యాహ్నం. ముగింపు పరీక్ష ఉండబట్టి సెలవునాడు తెరిచారు. బయట కుండపోత. కంప్యూటర్ ముందు, ఇవాళ పెద్ద వాన రాదని నిన్ననే అంచనా కాగితం ఇచ్చిన విద్యార్థిని రసజ్ఞ. కిటికీ దగ్గర, ఆరేళ్లుగా మేడమీద వాన కొలిచే అటెండర్ రామన్న.

"...ఆ వడగండ్ల రాయి మా బర్రె కొమ్ముల నడుమ ఇరికింది బిడ్డా. పదిహేను దినాలు చల్లటి పాలే ఇచ్చింది."

"బర్రె సంగతి తర్వాతండి. ఈ రిజిస్టర్ రాసింది మీరేనా?"

"నేనే. అక్షరాలు ముత్యాలెక్క లేవా?"

"ముత్యాలేనండి. కానీ శని, ఆది, సోమ... మూడింటికీ ఒకటే అంకె. ఆరేళ్లూ అంతే."

"వాన గట్లనే పడ్డదేమో."

"రామన్న గారూ."

"జర చాయ్ తెద్దునా?"

"చెప్పండి."

"శని, ఆదివారాలు ఆఫీసు బంద్ గదా. సోమవారం వచ్చి జూస్తే డబ్బల మూడు దినాల నీళ్లుంటయి. రిజిస్టర్ల గడి ఖాళీ పెడితే సారు తిడ్తడు. అందుకే మూడు పాళ్లు జేసి రాసిన. ఏ దినానికీ అన్యాయం జెయ్యలే."

"తొంభై మిల్లీమీటర్లు ఒక్క శనివారమే పడితే?"

"ముప్పై, ముప్పై, ముప్పై. కలిపితే సరిపాయె గదా."

"మా జట్టులో జ్యోత్స్న మబ్బుల్ని చదివింది. లోహిత్ లెక్కలు కట్టాడు. నేను వాటిని అంత పెద్ద మెషిన్ మీద నడిపించాను. మూడు నెలలండి. చివరికా మెషిన్ మీ రిజిస్టర్ చదివి మీ దగ్గర నేర్చుకుంది, ఎంత మబ్బు పట్టినా శనివారం పెద్ద వాన రాదని."

"నా తాన నేర్చుకున్నదా? ఏడో తరగతి తప్పినోని తాన?"

"నవ్వకండి. సరిచేసి మళ్లీ నడపాలంటే ఆరు గంటలు. నడిపి మాత్రం ఏం లాభం, పడే వాన పడుతూనే ఉంది... రామన్న గారూ? ఎవరికి ఫోను?"

"మా రుక్కమ్మకు."

"ఏమన్నారు మీ ఆవిడ?"

"ఎత్తుతలేదు."

"ఇంట్లోనే ఉన్నారా?"

"చెరువు కట్ట కింద, మా రూముల."

"ఇంకోసారి చెయ్యండి."

"చేస్తున్న. నాలుగోసారి."

"పొద్దున్నే మబ్బుంది కదండీ, ఎటైనా వెళ్లిపోయి ఉంటారు."

"పోతనన్నది బిడ్డా. మదీనాగూడల చెల్లెలింటికి పోతనని మూట గూడ గట్టింది. వాన రాదు, ఉండుమన్న. నా మాట నలభై ఏండ్ల సంది నమ్మదు. అందుకే నిన్న నువ్విచ్చిన కాయితం జూపిచ్చిన."