మొదటి ముద్రణ

అమీర్‌పేటలో తమ ఇంటి పైవాటాను జావా నేర్పే కోచింగ్ సెంటర్‌కు అద్దెకివ్వడానికి భార్యాభర్తలిద్దరూ అటక ఖాళీ చేస్తుంటే, ఆమె మొదటి నవల కట్టలు కట్టలుగా బయటపడింది. అచ్చయిన నెలకే కాపీలన్నీ అమ్ముడుపోయాయని ఆమె ఇన్నేళ్లూ నమ్మిన నవల అది.

"ఇవన్నీ మీరే కొన్నారా?"

"అమ్ముడుపోకపోతే నువ్వు బాధపడతావని."

"ఒక్కటైనా చదివారా?"

"పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఒకావిడ మనసులో తిరిగే ఆలోచనలు... నాకేం అర్థమవుతాయి?"

"మరి ఈ కాపీ? 'సుభాషిణికి ప్రేమతో' అని నేను సంతకం పెట్టింది. బేగంపేటలో దానింట్లో ఇమ్మని మీ చేతికే ఇచ్చాను."

"మర్చిపోయుంటాను."

"పుస్తకం గురించి ఒక్క మాటైనా అనలేదని, ప్రాణస్నేహితురాలని కూడా చూడకుండా దాంతో మాట్లాడ్డమే మానేశానండీ. అది పోయిందని తెలిసినా చూడ్డానికి వెళ్లలేదు."

ఆయన కట్ట విప్పిన తాడును చేతికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ఇస్తే సుభాషిణి ఊరుకునేదా? 'నవల్లో ఇల్లు వదిలి వెళ్లిపోయినావిడ నువ్వే కదే, ఇంకా ఇక్కడే ఉన్నావేం?' అనేది. నువ్వూ వెళ్లిపోయేదానివి."

ఆమె పుస్తకం మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"ఆవిడ ఇల్లు వదిలేది చివరి పేజీలో కదండీ."