రావి మొలకకు ఒడిబియ్యం

“నానమ్మా, తాత నాంపల్లిలో వంతెనల ఆఫీసు గుమాస్తాగా ఉన్నప్పుడు నువ్వొకసారి సర్కారు జీపులో వెళ్ళావట, ఎందుకు?” అని అడగగానే ఆమె అడకత్తెర పక్కన పెట్టింది.

ఔ బిడ్డా, పోయిన. రాష్ట్రం కొత్తగ అయిన దినాలు. గప్పుడు అబిడ్స్‌ల అణాకు చాయ... గాదు గాదు, రెండణాలు. సరే, ఇడువు. పెద్దరోడ్డు మీద నిజాం కాలం వంతెనలు, అన్నీ ముసలియైనయి. సర్కారిచ్చే పైసలు ఒక్కదాన్ని కూలగొట్టి కట్టనీకి గూడ సాలవు. మీ తాతేమో, “సార్, ఏడాదికోపాలి వానలకు ముందు నీళ్ళ తూములు సాఫ్ జేసి, సందులల్ల మొలిసిన మొక్కలు పీకితే అన్నీ బతుకుతయి” అని కాయితం రాసిండు. పెద్దసారు ఔనన్నడు.

పీకేదెవరు? మొదటి వంతెన సందుల మొలిసింది రావి! మేస్త్రి దండం పెట్టి ఎనుకకు జరిగిండు. కూలోళ్ళు బొట్టు పెట్టిన్రు. పెద్దసారు “నాకు పిల్లలున్నరయ్యా” అన్నడు. మీ తాత ఒక్క ఆకు ముట్టి, ఇంటికొచ్చి జరమని పండుకున్నడు. వేరేమో కమాను రాళ్ళను జరుపుతనే ఉన్నది. నా తమ్ముడు గౌలిగూడ నుంచి రోజూ గా వంతెన మీదికెళ్ళే బస్సు నడుపుతుండె.

“పీకుడేంది? ఆడపిల్ల తీరు అత్తారింటికి తోలుండ్రి” అని మీ తాతతోని అన్న. పెద్దసారు పంపిన జీపుల పోయి, మొలకకు పసుపు రాసి ఒడిబియ్యం పోసిన. మేస్త్రి ఎక్కెక్కి ఏడ్సుకుంట, వేరు తెగకుంట తీసి డబ్బాల పెట్టిండు. సందుల సున్నం గూరిన్రు. పుట్టిల్లు వంతెనాయె, అత్తారిల్లేదంటవా? మన కిరాయి ఇల్లే! తక్కిన వంతెనల మొలకలు గూడ వచ్చి, మిద్దెంత కోడండ్లే నిండిన్రు.

ఇంగ గడ్డిపోస పీకాలన్నా కూలోళ్ళు ఒడిబియ్యం అడుగవట్టిరి. ఆఫీసు ఖర్చులల్ల జూసి తనిఖీ ఆయన “బియ్యమెందుకు?” అని రాసిండు. “పిల్లను సాగనంపినం” అని పెద్దసారు జవాబిచ్చిండు. “పెండ్లికొడుకెవరు?” అని మల్ల కాయితమొచ్చె. మీ తాత తన పేరే రాయవోయిండు. నేను ఊకుంటనా?

గా ఏడు వాన దంచికొట్టింది. దినమంత తమ్ముని బస్సు రాకపాయె. నేను వాకిట్లనే నిలవడ్డ. పొద్దుమీకినంక తమ్ముడు తడిసి ముద్దై వచ్చి, “ఫికర్ జెయ్యకక్కా, బస్సే కరాబైంది, వంతెన గాదు. నీ వియ్యపురాలు మంచిగనే ఉన్నది. నిన్ను అడిగినట్టు చెప్పుమన్నది” అన్నడు.

నవ్వకు బిడ్డా. సల్లగ బతుకు. నువ్వెక్కిన బస్సు గూడ ఎప్పుడూ వంతెనలు మంచిగ దాటాలె...