బూడిదైనా చెరగని నంబరు

రేపటికి పెళ్లికూతురి జాకెట్లు నాలుగు ఇయ్యాల. నా ఎంబ్రాయిడరీ మిషన్ చూస్తే కుడతా కుడతానే నిలిచిపోతాంది. దానికి డిజైన్లు అందించే కంప్యూటర్ పెట్టెను బాగుచేసే నారాయణను పిలిపిస్తే, ప్రొద్దుటూరులో మా అరుగు మీద కూర్చొని, టీ గ్లాసు పట్టుకొని మొదలుపెట్టినాడు. పక్కన వెంకటసుబ్బమ్మత్త చిక్కుడుకాయలు తుంచుతాండాది.

"మీ పెట్టెను నడిపించే సాఫ్ట్‌వేర్ లైనక్స్ అక్కా. ప్రతి పెట్టెకూ ఒక నంబరు ఉంటాది, మన ఆధార్ మాదిరి. అది చూసే కంపెనీవాళ్లు నెట్లో డిజైన్ ఇస్తారు. ముందర కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పెట్టె కొత్త నంబరు పెట్టుకుంటాండె, కంపెనీ నువ్వెవరని తరుముతాండె. నేను ఆ నంబరు కదలకుండా రాసిపెట్టినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదిసార్లు ప్లగ్గు పీకినా అదే నంబరు!"

"అంతేనా?" అనింది అత్త.

"అంతేనా అంటావేందత్తా! పులివెందులలో ఒక పెట్టె వానకు వంక నీళ్లలో కొట్టుకపోయింది. మూడు దినాలకు దొరికితే లోపల చేపపిల్లలు. ఆన్ చేస్తే అదే నంబరు! ఇంకొకటి కాలి బూడిదైంది. ఆ బూడిద చాటలో ఎత్తి కొత్త పెట్టెలో పోసినా..."

"జల్లెడ పట్టినావా?"

"పట్టకుంటే ఎట్లత్తా! తెరమీద అదే నంబరు. ఇంకొకదాన్ని దొంగ ఎత్తుకపోయి, ఈడ బంగారంగడిలో కరిగించి ఉంగరం చేయించుకున్నాడు. ఉంగరం మీద కూడా అదే! అంత గట్టిది కాబట్టే ఆ నంబరుండే ఒక్క డిస్కునే అచ్చేసినట్టు నకళ్లు తీసి ఈ చుట్టుపక్కల ఊర్లలో నలభై మిషన్లకు పెట్టినా. ఒక్క అంకె తేడా ఉంటే నన్నడుగు!"

నలుగురిలో నాకు నోరు రాదు. జాకెట్లు తలుచుకొని అడిగినా.

"అన్నా, అందరికీ ఒకటే నంబరా?"

"ఒకటేనక్కా!"

"జమ్మలమడుగులో నా మాదిరే జాకెట్లు కుట్టే పావనికీ నువ్వే గదా పెట్టె పెట్టింది, ఆమె మిషన్ ఆడిస్తే నాది నిలుస్తాంది. ఆమె బువ్వకు లేస్తే నాది నడుస్తాంది. రెండు దినాల్నుంచి ఫోన్లు చేసుకొని చూస్తాండాము. కంపెనీ మా ఇద్దరినీ ఒకరే అనుకొని, ఆమెకు ఇస్తా నాకు ఆపుతాందేమో. నంబరు మారకుంటే చాలదన్నా, నాది నాకే ఉండాల గదా."

నారాయణ గ్లాసు కింద పెట్టినాడు. లోపలికొచ్చి, పాత నంబరు చెరిపి, నా పెట్టెకు వేరేది పుట్టించి, కంపెనీకి ఫోన్ చేసి రాయించినాడు.

నేను పావనికి ఫోన్ చేసి, "నీది ఆపొద్దు, ఆడించు" అంటి. ఫోన్లో ఆమె మిషన్ చప్పుడు. ఈడ నా సూది కూడా ఆగకుండా దిగుతాంది.

"మిగతా ముప్పై ఎనిమిది ఇండ్లకు ఎప్పుడు పోతావప్పా?" అనింది అత్త గడపలోంచి.

నారాయణ చెప్పులు వెతుక్కుంటా, "నేను పెట్టింది ఈ రెండేనత్తా" అన్నాడు.