పెరికెల బావి

ఆ రాళ్లగుట్ట వెనక పాడుబడ్డ బావి ఉంది చూశారూ, పెరికెల బావి, గొర్రెలు కూడా దాన్ని చుట్టి పోతాయే, దాని సంగతే. పెరికె అంటే తెలుసుగా, ఎద్దు వీపున అటూ ఇటూ వేలాడే ధాన్యం సంచి. పాదుషా దండు మన గుట్టమీది కోటను చుట్టుముట్టిన రోజుల్లో ఆ దండుకు జొన్నలు మోసింది లంబాడీలే, వాళ్లలో రూప్లా నాయకుడు నూరు ఎద్దులవాడు. జొన్నలొచ్చేదాకా అతని తమ్ముడు హర్యాను దండులో జామీనుగా కూర్చోబెట్టుకున్నారట. నమ్మకం లేదు మరి, ఏం చేస్తాం?

సరే, వాగు పొంగింది, రూప్లాకు పన్నెండు రోజులు ఆలస్యమైంది, తమ్ముణ్ణి ఏం చేశారోనని పరుగున వచ్చి చూస్తే ఏముంది, గుడారాల గుంతలు, పొయ్యిల బూడిద, దండు లేదు! మిట్టమధ్యాహ్నం, బావిగట్టున హర్యా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రూప్లాకు ప్రాణం లేచొచ్చింది. "అన్నా, ఆకలేస్తోంది, ఒక్క గుప్పెడు పెట్టు" అన్నాడట వాడు. పెట్టొచ్చుగా? పెట్టలేదు. కుట్టిన పెరికె మూతి దండులో గింజల లెక్క చూసే దారోగా ముందే విప్పాలి, తోవలో విప్పినవాణ్ణి సొంత తండాయే వెలేస్తుంది, అదీ వాళ్ల కట్టు. "తిండిపోతు వెధవా, కాస్త ఓర్చుకో, దండెటు పోయిందో చెప్పు" అన్నాడట నవ్వుతూ. వాడు తూర్పుకు చూపించాడు, తూర్పున ఎవరూ లేరు, తిరిగొస్తే పడమరకు చూపించాడు, అటూ లేరు, రూప్లాకు దిక్కులే తెలియకుండా పోయాయి.

చివరికి పిడకలేరుకునే ముసలమ్మ కనబడితే అడిగాడట. దండు పోయి ఎనిమిది రోజులైంది నాయనా, గింజల్లేక చాలామంది పోయారు, ఆ జామీను లంబాడీ కూడా ఆకలితోనే పోతే బావిలో వేశారు అందట. కాదు, ఇప్పుడే వాడితో మాట్లాడానన్నాడు రూప్లా. ఆమె అతని మొహంకేసి ఓసారి చూసి, పిడకల గంప ఎత్తుకుని గబగబా వెళ్లిపోయింది.

మళ్లీ బావికొచ్చాడు. హర్యా అక్కడే ఉన్నాడు, చెయ్యి చాపుకుని. అప్పుడు కోశాడు కుట్టు, కోసి గుప్పెడు జొన్నలు పోశాడు, గింజలు ఆ అరచేతిలోంచి దిగి రాయిమీద పడ్డాయి. "చెయ్యి సరిగ్గా పట్టరా" అంటాడు, మళ్లీ పోస్తాడు. ఆ పెరికె అయిపోయింది, ఇంకోటి కోశాడు. నూరు ఎద్దుల జొన్నలూ పోశాడట, ఒక్క గింజ నిలవలేదు. మొదట అడిగినప్పుడే పెట్టుంటే తినేవాడా? నాకేం తెలుసు, తలుచుకుంటే నాకే మనసు ఎటో పోతుంది.

రూప్లా మళ్లీ తండాకు చేరలేదట, కానీ ఇప్పటికీ మధ్యాహ్నాలు అక్కడ దండెటు పోయిందని ఎవరో అడుగుతారు. మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకని అటు పోకండి. నీళ్లే కావాలంటే బడి దగ్గర బోరింగు ఉందిగా.