సుట్టాలొస్తేనే గ్యాసు

"మామ్మా, డాబా మీద సోలారు పలకలు ఎన్ని పెట్టించాలో తేలాలంటే ఇంట్లో దేనికెంత ఖర్చవుతోందో ముందు రాసుకోవాలట. ఇప్పటిది రాసీసుకున్నాను. పూర్వం మనింట్లో దేనిమీద వండీవోరు? ఎంతయ్యీది? నువ్వు సెప్పు."

ఏ పూర్వమే అమ్మీ? నా పెల్లినాటి పూర్వమా, మీ నాన్న పుట్టినాటి పూర్వమా? సరే, ఆ పీట లాక్కుని కూకో. మద్దిలో అడ్డం రాకు, నాకు దారి తప్పిపోతాది. ఇంకో మాట. నాను సెప్పీది ఇంటే నీకు నామీద కోపమొస్తాది. వొచ్చినా సెప్తాను. నాలుగు దగ్గులు దగ్గినావంటే సాలు, మీ అమ్మ జబ్బు నీకూ దిగినాదేమోనని మీ నాన్న నిన్ను ఆసుపత్రులకి తిప్పుతన్నాడు. నువ్వూ లోపల బెంగెట్టుకున్నావు. నాకు తెలీదనుకోకు. అందుకే ఈయేల సెప్పీస్తాను.

నాను ఈ ఇంటికొచ్చినప్పటికి కరెంటు నేదు. కిరసనాయిలు బుడ్లు రెండుండీవి, వంటపాకలో ఒకటి, నడవలో ఒకటి. డిపోలో ఇచ్చిన కిరసనాయిలు నెల్లాళ్ళూ రావాల. మా అత్త పొద్దు గూకకముందే అందరికీ కూడెట్టీసీది, బుడ్డి ఎలిగించక్కర్నేకుండా. కట్టెలు మోపు రెండు రూపాయలు. కాదు కాదు, రూపాయిన్నర. రెండయ్యింది మీ పెద్దత్త పుట్టినాక. మోసుకొచ్చిన మనిషికి గంజినీల్లు ఇస్తే ఒక పావలా తగ్గించీది పాపం. నీకిప్పుడు పావలా అంటే తెలుసా? సూసుండవు.

తరవాత కరెంటొచ్చినాది. ఒక్క బల్బు. ఆ బల్బు కింద మీ తాత పేపరు సదూకునీవోడు, ఈదిలో ఇద్దరు ముగ్గురు వొచ్చి కూకునీవోలు. మీ తాత ఆమదాలవలసలో రైసు మిల్లు కాటా కాడ పని. ఆయన పోయినాక మూడు బిల్లులు కట్టలేకపోనాను. లైనుమేను వొచ్చి స్తంభం ఎక్కి తీగ తెంపీసినాడు. పట్టపగలు, ఈదంతా గుమ్మాల్లో నిలబడి సూస్తండగా. ఆడిననుకుని లాభం నేదు, ఆడి ఉద్దోగం అది. కానీ ఆ రోజునుంచి నాకొక జబ్బు పట్టుకున్నాది. ఏది ఎలుగుతున్నా, ఏది తిరుగుతున్నా నా ప్రాణం కొట్టుకుంటాది. నువ్వు ఏసీ ఏసి తలుపు బార్లా తీసీసి బయటికొచ్చీస్తావు గదా, అప్పుడు నాను మంచమ్మీదనుంచి కేకలేస్తాను సూడు, ఆ జబ్బే అది. మీరంతా ముసిల్దానికి పిసినారితనం అనుకుంటారు. పిసినారితనమే, కాదన్ను.

ఇంక వంట. మీ తాత మొకం సూసి, ఆయన పోయినాక కూడా మిల్లు షావుకారు వారానికి రెండు బస్తాలు ఊక ఊరికే ఇచ్చీవోడు. ఊరికే వొచ్చీదాన్ని ఒగ్గుతానేటి నాను? ఊక పొయ్యి ఎట్టినాను. నువ్వు సిన్నప్పుడు సూసినావు గానీ అదెలగ కూరతారో నీకు తెలీదు. పెద్ద నూనె డబ్బాకి పైన మూత కోసీసి, కింద పక్కకి పిడికిలంత కన్నం ఎట్టించాల. నడిమిన రోకలి నిలబెట్టాల. ఆ కన్నంలోంచి ఒక కర్ర తోసి రోకలికి తగిలించాల. సుట్టూ ఊక పోసి సేత్తో కూరాల, గుద్ది గుద్ది. అప్పుడు కర్ర లాగీసి, రోకలి తిప్పుకుంటా నెమ్మదిగా పైకి తియ్యాల. సరిగ్గా కూరితే గొట్టం నాగ నిలబడతాది. నేకపోతే కూలిపోతాది. కూలితే మంట ఉండదు, ఒట్టి పొగే. ముట్టించినాక రెండు గంటలు మండతాది. ఆపుదామంటే ఆగదు, తగ్గిద్దామంటే తగ్గదు. అది మండినంతసేపూ దాని ముందల కూకోవాల.

మీ అమ్మ నెల్లిమర్ల గుంట. పుట్టింట్లో కిరసనాయిలు స్టవ్వు మీద వండిన సెయ్యి. ఊక పొయ్యి సూసి బెదిరిపోనాది. నానే నేర్పినాను. మూడు నెల్లు తిరిగీసరికి నాకన్నా బాగా కూరీది. తెల్లారగట్ల లెగిసి రెండు డబ్బాలు కూరీసీది, పొద్దుటికొకటి, సాయంత్రానికొకటి. ఊక నూగు ముక్కులోకి పోతాదని పైట మొకానికి సుట్టుకునీది. పెల్లికూతురు నాగ ఆ ముసుగేటే అని నాను నవ్వీదాన్ని. అదీ నవ్వీది. మంచిది గదా మీ అమ్మ, నాను ఏటన్నా నవ్వీది.

నువ్వు కడుపులో ఉండగా దాని పేరన గ్యాసు ఇచ్చినారు. అప్పుడు ఆడోల్ల పేరనే ఇచ్చీవోలు. ఈదిలో మొదట మనకే వొచ్చినాది. గౌరి అని కాయితమ్మీద దాని పేరు సూసుకుని అది ఎంత మురిసిపోనాదో. బండకి పసుపు రాసి బొట్టెట్టినాది. ఆ రోజు పాయసం కాసి, రెండు సేతులూ తెచ్చి నా మొకం ముందల ఎట్టి, "అత్తా సూడు, మసి నేదు" అన్నాది.

మర్నాడు పొద్దున్న నాను ఆ బండ మీది రెగ్యులేటరు ఊడదీసి నా పెట్లో బట్టల కింద ఎట్టీసినాను.

ఎందుకంటే ఏటి సెప్పను? బండ అయిపోతే మళ్ళీ సొమ్ము కట్టాల. ఇక్కడ సూస్తే ఊక బస్తాలు దొడ్లో పడున్నాయి. మళ్ళీ ఎవడో వొచ్చి ఏదో తెంపుకుని పోతాడని నా భయం. సుట్టాలొస్తే మటుకు తీసీదాన్ని. మీ పెద్దత్తొచ్చినా, శ్రీకూర్మం దర్శనానికెల్తా మా తమ్ముడు దిగినా, బిగించి దానిమీదే కాఫీ, దానిమీదే వంట. ఆల్లెల్లగానే మళ్ళీ పెట్లోకి. కుళాయి కాడ సెప్పుకునీదాన్ని, మా ఇంట్లో బండ ఏడాదిన్నర వొస్తాదని. అందరూ నోరెల్లబెట్టీవోలు. మా గౌరి పొదుపరి అనీదాన్ని. దాని పేరే సెప్పీదాన్ని.

మద్దేన్నం పని తెమిలినాక మీ అమ్మ అరుగు మీద నిలబడి రోడ్డు సూసీది. ఎవరికోసమే అంటే, "ఎవరైనా వొస్తారేమో అత్తా" అనీది. సుట్టాలంటే దీనికెంత ఇష్టమో అనుకున్నాను. అంత తెలివితక్కువదాన్ని నాను. కాదే. తెలుసు. నాకప్పుడే తెలుసు, నీకాడ అబద్దమెందుకు.

మీ నాన్నా? ఈ కొట్టు ఎట్టకముందు ఆడు లారీ మీద తిరిగీవోడు. నెలకి రెండుసార్లు వొచ్చి, రెండ్రోజులుండి ఎలిపోయీవోడు. ఆడొస్తన్నాడని తెలిస్తే నానే గ్యాసు బిగించీదాన్ని. ఆ ఊక పొయ్యి గేదికి కుడితి కాయడానికీ, తానాల నీల్లకీ అనుకునీవోడు. మీ అమ్మ ఒక్కనాడు ఆడి సెవిని ఎయ్యనేదు.

ఒక్కసారి అడిగినాది నన్ను. ఒకే ఒక్కసారి. నువ్వు పది నెల్ల గుంటవి. ముసురు, మూడు రోజులు ఇడవకుండా. ఊక తడిసిపోయి అంటుకోదు, పాక నిండా పొగ. నువ్వు పాలకి ఏడుస్తన్నావు. నిన్ను సంకనేసుకుని నా ముందలికొచ్చి నిలబడ్డాది. "అత్తా, పాలు కాసీవరకే ఇయ్యి, మళ్ళీ నీ సేతికే ఇచ్చీస్తాను" అన్నాది. నాను ఏటన్నానో తెలుసా? "బండ మీ పుట్టింటోలు పంపించినారేటే" అన్నాను. సూడు, బండ ఉన్నాది దాని పేరన. అది గోనెసంచి నెత్తిమీదేసుకుని, పక్కింటోలింటికెల్లి పాలు కాసుకొచ్చినాది.

నువ్వు బడికెల్లీ యేలకి దగ్గు మొదలయ్యింది దానికి. ముందు పొద్దుటే వొచ్చీది. తరవాత ఎప్పుడు పడితే అప్పుడు. కుళాయి కాడినుంచి బిందె తెస్తే మూడు సోట్ల దించీది. ఆల్ల నాన్నకి ఆయాసం ఉండీది. ఇంకేటి, నాకు అదొక్కటి దొరికినాది. పుట్టింటి జబ్బు, రక్తంలోనే ఉన్నాది అని ఈదంతా నానే సెప్పినాను, మీ నాన్నకీ నానే సెప్పినాను. మిరియాల కషాయం తాగమనీదాన్ని. ఆ కషాయం కూడా అది ఊక పొయ్యి మీదే కాసుకునీది.

ఒకనాడు పెదాలు నల్లబడిపోనాయి. మీ నాన్న లారీతో ఎక్కడో దూరంలో ఉన్నాడు. నిన్ను పక్కింట్లో ఒగ్గీసి నానే తీసికెల్లినాను, ఆమదాలవలసలో రైలెక్కించి. విజయనగరంలో దిగినాం. ఆసుపత్రిలో సిన్న వయసు డాక్టరమ్మ. నెమ్మదిగా మాటాడినాది. ఫొటోలు తీయించి, గొట్టంలో ఊదించి సూసినాది. బీడీ, సుట్ట ఏదన్నా అలవాటుందా అని అడిగినాది. నాకు నవ్వొచ్చినాది. నిప్పు కొస నోట్లోకెట్టుకుని అడ్డసుట్ట కాల్సినదాన్ని నాను, గుండ్రాయి నాగ కూకున్నాను. దాన్ని పట్టుకుని అడుగుతన్నాది.

అప్పుడు అడిగినాది, "ఇంట్లో దేనిమీద వండతావమ్మా" అని. నువ్వడిగినట్టే.

మీ అమ్మ నా మొకం సూసినాది. ఎక్కువసేపు కాదు. సూసి, అటు తిరిగి, "గ్యాసేనమ్మా. మాకెప్పట్నుంచో బండ ఉన్నాది" అన్నాది.

నాను పక్కనే ఉన్నానే అమ్మీ. బల్లకి ఈ పక్కన. ఒక్క మాట, నోరు తెరిస్తే సాలు. ఆ డాక్టరమ్మ కలం పట్టుకుని మళ్ళీ అడిగినాది కూడాను, పొగ పొయ్యి ఎప్పుడూ వాడనేదా అని. నానేటి సెప్తానో అని నాకేసి సూసినాది. నాను తల ఊపినాను, నేదని. అదే రాసుకున్నాది. పీల్చుకునీ మందిచ్చి పంపించినాది. ఆవిడ తప్పేటి నేదు. ఇద్దరం కలిసి అబద్దం సెప్తే ఆవిడేటి సేస్తాది.

రైల్లో అడిగినాను, ఎందుకలగ సెప్పినావే అని. కిటికీ కాడ కూకుని గాలి పీల్చుకుంటన్నాది. "డాక్టరమ్మ ముందల నీకు సిన్నతనం గదత్తా" అన్నాది. అంతే.

ఇంటికొచ్చినాం. నాను పెట్టి తీసి రెగ్యులేటరు బిగించినాను. నానే కూడొండుతన్నాను. అది నడవలో మంచమ్మీద తొంగున్నాది. గ్యాసు ఎలిగిన సప్పుడు ఇన్నాది గావాల, లెగిసి కూకున్నాది. పైట సవరించుకున్నాది. దువ్వెన తీసి జుత్తు దువ్వుకోబోతే సెయ్యి పైకి లెగడం నేదు. "ఎవరొచ్చినారత్తా? ఈ దుప్పటి మాసిపోనాది, మారుస్తానుండు" అన్నాది. ఎవరూ రానేదే, నీకే అన్నాను. నమ్మనేదు. గుమ్మంకేసి సూసుకుంటా అలగే కూకున్నాది.

ఆ తరవాత మళ్ళీ ఊక ముట్టనివ్వనేదు నాను. డబ్బాలు దొడ్లో పారీసినాను. ఇంకేటి లాభం? ఆ ఏడు సలికాలం దాటనేదు మీ అమ్మ. నీకు తొమ్మిదేళ్ళు. పాడె లేపుతుంటే నువ్వు నా కొంగట్టుకుని నిలబడ్డావు. అందరూ నన్నే ఓదార్సినారు, కోడల్ని కూతురు నాగ సూసుకున్నాది పాపం అని. నాను ఏడిసినాను. నిజంగానే ఏడిసినాను. కానీ ఆ మాటకి కాదని మటుకు అన్నేదు.

ఇదే అమ్మీ సంగతి. అది రక్తంలోది కాదు. మీ అమ్మ పుట్టింటోలదీ కాదు. నీకు దిగీదేటీ నేదు. నాను సేసినది అది. ఇన్నేళ్ళు దాసినాను. మీ నాన్న నిన్ను ఆసుపత్రికి తీసికెల్తంటే, ఇప్పుడు సెప్పీయాల, ఇప్పుడు సెప్పీయాల అనుకునీదాన్ని. నోరు రాదు. ఈ ముసిల్ది కూడు కూడా నేకుండా పోతాదేమోనని భయం. ఈ వయసులో ఇంకా భయమే. సిగ్గునేనిదాన్ని.

తిట్టు. తిడితే పడతాను. ఏడవకే, నువ్వేడిస్తే నాను సూడలేను. ఆ కళ్ళు తుడుసుకో. అచ్చం మీ అమ్మ కళ్ళు.

పలకలు ఎట్టించుకో. సూర్యుడికి ఎవరూ రెగ్యులేటరు ఊడదియ్యలేరు. ఏటేటి కావాలో అన్నీ ఎట్టించుకో, ఏసీ ఏసి తలుపు తీసి ఒగ్గీ, నాను మాటాడను. మాటాడతానేమో, ఇనకు. నీ ఇంట్లో నువ్వు ఎవరికోసమూ కాసుకోకుండా పొయ్యి ఎలిగించుకో. గుండి నిండా ఊపిరి పీల్చుకుని నిండు నూరేళ్ళూ బతుకు, నా తల్లి. నా దీవెన పనికొస్తాదో రాదో, అయినా తీసుకో.

అదిగో, మోటారు సైకిలు సప్పుడు. మీ నాన్న కొట్టు కట్టీసి వొచ్చీసినాడు. లెగకే. ఆడికి నువ్వు సెప్పొద్దు, నానే సెప్తాను. నువ్వు నా పక్కన కూకో, అంతే. సెయ్యి ఇలగియ్యి. ముందు కాళ్ళు కడుక్కుని రానీ ఆడిని. ఒరే నాయనా, లోపలికి రా, ఇలగొచ్చి కూకో. నీకొక మాట...